మా పిల్లి 6.8 కిలోలు, తిండి తగ్గిస్తే ఇల్లు పీకి పందిరేస్తున్నాడు, ఏం చెయ్యాలి?

బుజ్జిగాడి_ఇల్లు:
నమస్తే అందరికీ. మా బుజ్జిగాడికి ఆరేళ్ళు, మగ, చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, జాతీ గీతీ ఏం లేదు మామూలు పొట్టి జుట్టు పిల్లే. మొన్న వ్యాక్సిన్‌కి తీస్కెళ్తే 6.8 కిలోలు తూగాడు. డాక్టర్ గారు 5 కిలోల దగ్గరికి తీసుకురండి అన్నారు, రక్తపరీక్ష చేసి షుగర్ గిగర్ ఏం లేదు, తిండి ఎక్కువైంది అంతే అన్నారు. సరే అని గిన్నెలో వేసేది సగానికి సగం తగ్గించాం. అప్పట్నుంచి తెల్లారుజామున నాలుగింటికి మొదలెడతాడు చూడండి, ముందు తలుపు గీకుడు, తర్వాత నా మొహం మీద పంజా పెట్టి అదమడం, అప్పటికీ లేవకపోతే టేబుల్ మీద వస్తువుల్ని ఒక్కోటి అంచుదాకా నెట్టి, నా వైపు ఓసారి చూసి, అప్పుడు కింద పడేస్తాడు. ఇంట్లో ఇంకో పిల్లి కూడా ఉంది, చిట్టి, అది 3.6 కిలోలే, రోజంతా కొంచెం కొంచెం తింటది, అందుకని గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచడం అలవాటు. పైగా నాన్నగారు రిటైరై ఇంట్లోనే ఉంటారు, వీడెళ్ళి కాళ్ళకి రాసుకున్నాడంటే ఆయన మనసు కరిగిపోద్ది. నిజంగా బరువు తగ్గించిన వాళ్ళెవరైనా ఉంటే ఎలా చేశారో చెప్పండి ప్లీజ్, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తుంటే బుర్ర వేడెక్కిపోయింది.

పాతకాపు:
రండి రండి. ముందు ఇవి చెప్పండి. డ్రై ఫుడ్డా వెట్ ఫుడ్డా, రోజుకి ఎన్ని గ్రాములు (కప్పులూ గుప్పిళ్ళూ కాదు, గ్రాములు), ట్రీట్లు ఎన్ని, ఇంట్లో ఎవరెవరు పెడతారు. సగం తగ్గించాం అన్నారు గానీ దేంట్లో సగం? ఇద్దరికీ ఒకే గిన్నె అయినప్పుడు ఎవడెంత తింటున్నాడో ఎవరికీ తెలీదు కదా.

ఇంకోటి, తూకం ఒక్కటే చూసి కంగారు పడకండి, చేత్తో కూడా చూడాలి. మీ చెయ్యి చాపి అరచెయ్యి వెనకవైపు తడమండి, సన్నటి పొర కింద ఎముకలు తెలుస్తాయి. పిల్లి పక్కటెముకలు అలా తగిలితే ఒళ్ళు సరిగ్గా ఉన్నట్టు. అరచేతి వైపు కండ తడిమినట్టు ఎముక ఎక్కడో లోపలుంటే ఒళ్ళు చేసినట్టు. పైనుంచి చూస్తే నడుం దగ్గర కాస్త లోపలికి పోవాలి. డాక్టర్లు దీన్నే 9 పాయింట్ల స్కేల్ మీద చెప్తారు, 5 అంటే బాగున్నట్టు, దానిపైన ఒక్కో పాయింట్‌కి సుమారు 10 నుంచి 15 శాతం ఎక్కువ బరువు. మీవాడు లెక్కప్రకారం 8 దగ్గర ఉంటాడు. వెనక కాళ్ళ ముందు వేలాడుతూ ఊగే తోలు ఉంటది చూశారా, దాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి, అది సన్న పిల్లులకీ ఉంటది, బరువు తగ్గినా పోదు.

గోళ్ళగీతలు:
బ్రో దీనికి ఇంత సీన్ అక్కర్లేదు. రెండు మూడు రోజులు గిన్నె తీసి లోపల పెట్టెయ్, నీళ్ళు మాత్రం ఉంచు. ఆకలి దంచితే ఏం పెట్టినా తింటాడు, బరువూ దిగుద్ది. బయట తిరిగే పిల్లులు రోజూ తింటాయా ఏంటి

మీసాల_పిల్లి:
పైన చెప్పింది ఎవ్వరూ చెయ్యకండి దయచేసి. నేను జంతువుల క్లినిక్‌లో పనిచేస్తా, డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని, కానీ ఇది కళ్ళారా చూసినదాన్ని కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తున్నా. లావుగా ఉన్న పిల్లి ఉన్నట్టుండి తినడం ఆగిపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి లివర్‌కి చేరుతుంది. పిల్లి లివర్ అంత కొవ్వుని ఒకేసారి తట్టుకోలేదు, అది అక్కడే పేరుకుపోయి లివర్ పనిచెయ్యడం మానేస్తుంది. హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. రెండు మూడు రోజులు తినకపోయినా చాలు మొదలవ్వడానికి, అందులోనూ లావు పిల్లులకే ప్రమాదం ఎక్కువ. చెవుల లోపలి చర్మం, చిగుళ్ళు, కంటి తెల్లగుడ్డు పచ్చబడతాయి, వాంతులు, నీరసం, ఇక అప్పుడు ఆకలి కూడా చచ్చిపోతుంది కాబట్టి తనంతట తను తినదు, మెడ దగ్గర ట్యూబ్ వేసి వారాల తరబడి తినిపించాల్సి వస్తుంది. టైంకి తీసుకురాకపోతే ప్రాణమే పోతుంది.

ఆకలేస్తే అదే తింటదిలే అన్నమాట పిల్లి విషయంలో పనికిరాదు. కొత్త ఫుడ్ నచ్చకపోతే నిజంగానే ముట్టకుండా మొండికేసే పిల్లులు బోలెడు. అందుకే ఫుడ్ మారిస్తే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ 7 నుంచి 10 రోజులు తీసుకోండి. ఒక రోజంతా ఏమీ ముట్టలేదంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, రేపు చూద్దాంలే అనొద్దు. బయట తిరిగే పిల్లుల సంగతంటారా, అవి ఎలకో పిట్టో పురుగో దొరికింది దొరికినట్టు రోజులో చాలాసార్లు తింటూనే ఉంటాయి.

గోళ్ళగీతలు:
మా కుక్క ఒకపూట మానేసినా ఏం కాదు, పిల్లులకి ఇన్ని వేషాలున్నాయా 😅

మోడరేటర్:
పస్తు పెట్టమన్న పోస్ట్ తీసెయ్యట్లేదు, కింద జవాబు నలుగురికీ కనపడాలని అలాగే ఉంచుతున్నా. దానిమీద ఇంకా కొట్టుకోవద్దు.

బుజ్జిగాడి_ఇల్లు:
అమ్మో, లివర్ విషయం మాకెవరూ చెప్పలేదు. వీడు తినకుండా ఉండే రకం కాదు లెండి, అయినా గుండె ఝల్లుమంది. పాతకాపు గారూ, అడిగినవి చెప్తా. మొత్తం డ్రై ఫుడ్డే. ప్యాకెట్ ఎన్నాళ్ళకి అయిపోతోందో వెనక్కి లెక్కేస్తే ఇద్దరికీ కలిపి రోజుకి 140 గ్రాముల దాకా పోయేది, ఇప్పుడు 70 వేస్తున్నాం. ప్యాకెట్ మీద కిలోకి 3,800 కిలోకేలరీలు అని ఉంది. ట్రీట్లు నాన్నగారి డిపార్ట్‌మెంట్, అడిగితే "ఏదో ఒకటో రెండో" అంటారు. పెట్టేది నేనూ, మా ఆవిడా, నాన్నగారూ.

పాతకాపు:
ఇప్పుడు దారిలో పడ్డాం. లెక్క చేద్దాం, ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యండి. వీడు ఉండాల్సిన బరువు 5 కదా (ఇప్పుడున్న 6.8 కాదు, ఉండాల్సిన బరువుకే లెక్కెయ్యాలి). 5ని 5తో, మళ్ళీ 5తో గుణిస్తే 125. వర్గమూలం గుర్తు రెండుసార్లు నొక్కండి, 3.34 వస్తది. దాన్ని 70తో గుణిస్తే 234. కదలకుండా పడుకున్నా ఒంటికి కావాల్సిన కిలోకేలరీలు అవి. బరువు తగ్గాలంటే మామూలుగా అందులో 80 శాతంతో మొదలెడతారు, అంటే 187. మీ ఫుడ్ గ్రాముకి 3.8 కాబట్టి రోజుకి 49 గ్రాములు. ట్రీట్లు కూడా ఈ 187 లోపలే, పదోవంతు దాటకూడదు.

ఇప్పుడు చిట్టి. అది బరువు తగ్గక్కర్లేదు, 3.6కి అదే లెక్క వేస్తే 183, ఆపరేషన్ అయిన ఇంటి పిల్లికి దానికి 1.2 రెట్లు అనుకోండి, 220. అంటే 58 గ్రాములు. చూశారా, సన్న పిల్లికి 58, లావు పిల్లికి 49. మీరిప్పుడు ఇద్దరికీ కలిపి 70 వేస్తుంటే పెద్దాడు ముందు దూరి తన వాటా కంటే ఎక్కువే లాగించేస్తాడు, ఆ సగం దెబ్బంతా చిట్టి మీద పడుద్ది. దాని బరువు కూడా ఇవాళే చూడండి. ఈ లెక్క మొదలెట్టడానికి మాత్రమే, పిల్లిని బట్టి అటూ ఇటూ అవుద్ది, అంకె మీ డాక్టర్‌కి చూపించి ఓకే అనిపించుకోండి.

మీసాల_పిల్లి:
పాతకాపు గారి లెక్క కరెక్టే, దానికి ఒక తోక తగిలిస్తా. మామూలు ఫుడ్‌నే బాగా కోసేస్తే కేలరీలతో పాటు ప్రోటీన్, టారిన్ (పిల్లికి తప్పకుండా కావాల్సిన పోషకం), విటమిన్లు కూడా కోసేసినట్టే, అవి మామూలు మోతాదు తినేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కలిపినవి. కొవ్వు బదులు కండ కరిగిపోతే లాభం లేదు కదా. అందుకే బరువు తగ్గడానికే చేసిన ఫుడ్లు ఉంటాయి, కేలరీలు తక్కువ, ప్రోటీన్ ఎక్కువ, కొన్నింట్లో పీచు కూడా ఎక్కువ వేస్తారు కడుపు నిండినట్టుండాలని. డాక్టర్‌ని అడిగి అది తీసుకోండి. ఊరికే "లైట్" అని రాసుందనో, "గ్రెయిన్ ఫ్రీ" అని రాసుందనో తెచ్చుకోవద్దు, వెనక్కి తిప్పి కిలోకేలరీలు చూడండి, గ్రెయిన్ ఫ్రీ వాటిల్లో కొన్ని మామూలు వాటికంటే ఎక్కువే ఉంటాయి.

స్పీడ్ కూడా ముఖ్యం. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం చాలు, మీవాడికి 34 నుంచి 68 గ్రాములు. 5కి రావడానికి ఏడెనిమిది నెలల నుంచి ఏడాది పైన పట్టినా అది నార్మల్. వారానికి 2 శాతం దాటి దిగుతుంటే సంతోషపడకండి, తిండి పెంచాలి.

తోకచుక్క:
నేనైతే డ్రై పూర్తిగా మానేసి వెట్ ఫుడ్ పెట్టమంటా. డ్రైలో నీళ్ళు పదో వంతు ఉంటాయేమో, వెట్‌లో ముప్పావు వంతు పైనే నీళ్ళు, అదే కేలరీలకి గిన్నె నిండా కనపడుద్ది. 49 గ్రాముల డ్రై గిన్నె అడుగు కూడా కప్పదు, పిల్లి దాన్ని చూసి మన మొహం చూస్తది, ఆ చూపు తట్టుకోలేం

పాతకాపు:
మానెయ్యక్కర్లేదండీ, కలపొచ్చు. 85 గ్రాముల పౌచ్‌లో చాలావాటికి 70 కిలోకేలరీల లోపే, రోజుకి రెండు పౌచ్‌లు పెట్టి మిగిలింది పది పన్నెండు గ్రాములు డ్రైతో సర్దొచ్చు. వెట్ అంటే అసలు ముట్టని పిల్లులుంటాయి, వాటితో యుద్ధం ఎందుకు. వెట్ అయినా డ్రై అయినా కేలరీ కేలరీయే.

తోకచుక్క:
మా దానికి షుగర్ ఉంది కాబట్టి మాకు వెట్టే కరెక్ట్ అన్నారు. లావు పిల్లులకి షుగర్ వచ్చే ఛాన్స్ చాలా ఎక్కువంట, బరువు దిగి, పిండిపదార్థం తక్కువున్న ఫుడ్‌కి మారాక ఇన్సులిన్ అవసరం లేకుండా పోయిన పిల్లులు కూడా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఇక్కడ చదివేవాళ్ళకి చెప్పాలి, మీ పిల్లి ఆల్రెడీ ఇన్సులిన్ మీద ఉంటే డాక్టర్‌కి చెప్పకుండా ఫుడ్ మార్చొద్దు, తిండి తగ్గి ఇన్సులిన్ అంతే ఉంటే షుగర్ డౌన్ అయిపోయి తూలిపోద్ది, ఫిట్స్ కూడా రావొచ్చు.

రెండుపిల్లుల_తండ్రి:
రెండు పిల్లులున్న ఇంట్లో అసలు కష్టం గ్రాముల లెక్క కాదు, ఒకడి గిన్నెలో ఇంకొకడు మూతి పెట్టకుండా చూడడం. మేం చేసింది చెప్తా. గిన్నె 24 గంటలూ ఉంచడం ఆపేశాం, రోజుకి నాలుగు పూటలు, వేరే వేరే గదుల్లో, తలుపేసి, ఇరవై నిమిషాలయ్యాక గిన్నెలు తీసెయ్యడమే. చిట్టిలా కొరుక్కు తినే పిల్లికి మొదట్లో ఇరవై నిమిషాల్లో అవ్వదు, దానికి అరగంట ఇవ్వండి, మెల్లగా అలవాటు పడుద్ది. తలుపులు కుదరకపోతే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి సన్నపిల్లి మాత్రమే పట్టే కన్నం కోసి గిన్నె లోపల పెట్టండి. ఎత్తు అల్మరా మీద పెట్టినా కొన్నాళ్ళు పనిచేస్తది, కానీ బరువు తగ్గేకొద్దీ మీవాడు ఎగరడం మొదలెడతాడు, అప్పుడా ప్లాన్ ఫట్. డబ్బులు పెట్టగలిగితే మైక్రోచిప్ ఫీడర్ తీసుకోండి, ఆ పిల్లికి చర్మం కింద వేయించిన చిప్ చూస్తేనే మూత తెరుచుకుంటది.

నిద్రలేనిరాత్రులు:
నాలుగింటి అలారం గురించి నేను చెప్తా, పేరు చూశారుగా. వాడు అరిచినప్పుడు మీరు లేచి పెట్టారనుకోండి, అరిస్తే తిండొస్తది అని మీరే ట్రైనింగ్ ఇచ్చినట్టు. లేవకండి, తిట్టకండి, తిట్టినా వాడికి అది పలకరింపే. ఆటోమేటిక్ ఫీడర్‌కి టైం సెట్ చేసి తెల్లారుజాము పూట అందులోంచి రానివ్వండి, అప్పుడు వాడు మీ మొహం వదిలేసి ఆ డబ్బా ముందు కూర్చుని దాన్ని వేధిస్తాడు. మొదట్లో గోల తగ్గడం కాదు పెరుగుద్ది, ఇంతకుముందు పనిచేసింది ఇప్పుడెందుకు పనిచెయ్యట్లేదా అని ఇంకా గట్టిగా ట్రై చేస్తారు, సరిగ్గా అప్పుడే అందరూ ఓడిపోయి లేచి పెట్టేస్తారు. ఒక్కరోజు లొంగారా మళ్ళీ మొదటికొచ్చినట్టే. రాత్రి పడుకునే ముందు కాసేపు బాగా ఆడించి, ఆ తర్వాత ఆఖరి పూట పెట్టండి, వేటాడి తిని పడుకోవడం వాటి లెక్క. టేబుల్ మీద సామాన్లు మాత్రం కొన్నాళ్ళు సర్దేసుకోండి 🙂

కిటికీపిట్ట:
ఆట గురించి ఎవరూ ఎక్కువ చెప్పలేదు. పుల్లకి ఈక కట్టినట్టుండే బొమ్మ తీసుకుని రోజుకి రెండు మూడుసార్లు, సారికి అయిదు పది నిమిషాలు. లావు పిల్లి కాసేపటికే పడుకుని పంజా ఒక్కటే ఊపుద్ది, పర్లేదు, అదీ ఎక్సర్‌సైజే. లేజర్ లైట్ వాడితే చివర్లో చేతికి చిక్కే బొమ్మ మీద ఆపండి, ఏదీ దొరక్క చిరాకుపడతాయి. డ్రై ఫుడ్‌లో కొంత పజిల్ ఫీడర్‌లో వెయ్యండి, లేకపోతే కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో, దొర్లించుకుంటూ ఒక్కో గింజా తీసుకుంటారు.

పాతకాపు:
ఆట మంచిదే గానీ ఆటతోనే తగ్గుద్దని ఆశపడకండి. పిల్లి ఎంత గెంతినా ఖర్చయ్యే కేలరీలు నాలుగు ట్రీట్లతో తిరిగొచ్చేస్తాయి. బరువు తగ్గేది గిన్నె దగ్గరే.

కిటికీపిట్ట:
అలా అని ఆట వద్దనకండి మరి, కండ నిలబడాలంటే కదలాలి, పైగా సగం అరుపులు ఆకలితో కాదు బోర్ కొట్టి. మా దానికి ఆడించడం మొదలెట్టాక గిన్నె దగ్గర కాపలా కాయడం మానేసింది.

బుజ్జిగాడి_ఇల్లు:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఫ్రిజ్ మీద అంటించా. చిట్టి బరువు చూశాం, 3.4కి వచ్చింది, పాతకాపు గారు అన్నట్టే అయింది, దాని గిన్నె వెంటనే వేరు చేశాం. డాక్టర్ గారికి లెక్క చూపిస్తే సరే అని బరువు తగ్గే ఫుడ్ రాసిచ్చారు. నాన్నగారితోనే కుదరట్లేదు. పెట్టొద్దని చెప్తే "మూగజీవం నోరు కడతారా" అని ఆయన అన్నం దగ్గర అలుగుతున్నారు.

రెండుపిల్లుల_తండ్రి:
ఆయన్ని పెట్టొద్దనకండి, పెట్టమనండి. పొద్దున్నే రోజు మొత్తానికి సరిపడా తూచి మూత ఉన్న డబ్బాలో పోసి ఆయన చేతికివ్వండి. "నాన్నా, ఇవాళ వాడి మొత్తం ఇదే, ఎప్పుడు ఎంత పెట్టాలో మీ ఇష్టం, డబ్బా ఖాళీ అయితే రేపటిదాకా లేదు" అని. ట్రీట్ల బదులు ఆ గింజలే ఒకటీ అరా చేతిలోంచి పెడితే పిల్లికి అవే ట్రీట్లు. పెద్దవాళ్ళకి బాధ్యత అప్పజెప్తే మనకంటే స్ట్రిక్ట్ అయిపోతారు.

ముసలిపిల్లి_ఫ్యాన్:
మధ్యలో దూరుతున్నందుకు సారీ, అందరూ తగ్గించలేక తిప్పలు పడుతున్నారు, మా పదమూడేళ్ళ దానికి ఏం చెయ్యకుండానే బరువు దానంతటదే తగ్గుతోంది, తిండి కూడా ఇదివరకటికంటే ఎక్కువే తింటోంది, హుషారుగా ఇల్లంతా తిరుగుతోంది. ఇంతకుముందు కొంచెం లావు కాబట్టి మంచిదేగా?

మీసాల_పిల్లి:
మంచిది కాదండీ, ఈ వారంలోనే చూపించండి. ఆ వయసులో ఎక్కువ తింటూ చిక్కిపోతుంటే థైరాయిడ్ ఎక్కువైందేమో చూడాలి, లేకపోతే షుగర్. రెండూ రక్తపరీక్షలో తెలుస్తాయి, రెండిటికీ వైద్యం ఉంది. నీళ్ళు ఎక్కువ తాగుతోందా, లిట్టర్ బాక్స్‌లో మూత్రంతో కట్టే తడి గడ్డలు పెద్దవి అవుతున్నాయా గమనించి వెళ్ళండి, డాక్టర్ అడుగుతారు.

ముసలిపిల్లి_ఫ్యాన్:
గడ్డలు పెద్దవవుతున్నాయి అని మా అమ్మాయి అంటూనే ఉంది. రేపే తీస్కెళ్తా.

బుజ్జిగాడి_ఇల్లు:
అప్‌డేట్. డబ్బా ఐడియా సూపర్ హిట్, ఇప్పుడు నేను ఒక గింజ ఎక్కువేసినా నాన్నగారు ఊరుకోవట్లేదు, డబ్బా మీద వాడి పేరు కూడా రాశారు. నాలుగింటి గోల చాలావరకు ఆగింది, ఫీడర్ దగ్గర మాత్రం పహారా ఉంటది. బరువు మొదట్లో బాగానే దిగి 6.5 దగ్గర ఆగిపోయింది, మూడు వారాలుగా అక్కడే. తూకం చూసేది ఎలా అంటే నేను వాణ్ణి ఎత్తుకుని మిషన్ ఎక్కి, తర్వాత నా బరువు తీసేస్తున్నా.

పాతకాపు:
వారానికి 40, 50 గ్రాములు తగ్గేవాణ్ణి మనుషుల మిషన్ మీద చూస్తే ఏం తెలుస్తది, అది 100 గ్రాములు అటూ ఇటూ చూపించడం మామూలే. పసిపిల్లల్ని తూచే మిషన్ తెచ్చుకోండి, లేదా రెండు వారాలకోసారి క్లినిక్‌లో అదే మిషన్ మీద. అప్పటికీ కదలకపోతే ముందు వేరే దారిలో ఏమైనా లోపలికి పోతోందా చూడండి, చిట్టి గిన్నె, పక్కింటి వాళ్ళు, మందుబిళ్ళ మింగించడానికి పెట్టే ముద్ద, అన్నీ. అవేవీ లేకపోతే డాక్టర్‌ని అడిగి 5 నుంచి 10 శాతం తగ్గించండి, ఒకేసారి అంతకంటే వద్దు.

బుజ్జిగాడి_ఇల్లు:
దొరికింది! చిట్టి గిన్నెలో మిగిల్చింది మా ఆవిడ పాపం పారెయ్యలేక వాడికే వేస్తోందంట. ఇప్పుడు మిగిలింది తూచి చిట్టి తర్వాతి పూటలోకే పోతోంది. పసిపిల్లల మిషన్ కూడా తెచ్చాం, ఇవాళ 6.24. ఇంకో మంచి విషయం, ఇంతకుముందు తోక మొదట్లో వీపు మీద జుట్టు అట్టలు కట్టి తెల్లగా పొట్టు రాలేది, మెడ అంతదూరం తిరిగేది కాదు కదా, ఇప్పుడు వెనక్కి వొంగి అక్కడిదాకా నాక్కుంటున్నాడు, జుట్టు నిగనిగలాడుతోంది. ఒక డౌట్, 5కి వచ్చాక ఏం చెయ్యాలి, మళ్ళీ మామూలుగా పెట్టొచ్చా?

మీసాల_పిల్లి:
గిన్నె మళ్ళీ నిండుగా ఉంచడం మాత్రం వద్దు. అక్కడికొచ్చాక 10 శాతం పెంచి రెండు వారాలు చూడండి, ఇంకా దిగుతుంటే మరో 10, బరువు నిలబడేదాకా. ఆ నిలబడిన అంకె మీరు ఊహించినదానికంటే తక్కువే ఉండొచ్చు, ఆపరేషన్ అయిన పిల్లులకి కేలరీల ఖర్చు తక్కువ, ఆకలి ఎక్కువ. తూకం నెలకోసారి చూస్తూ ఉండండి.

బుజ్జిగాడి_ఇల్లు:
సరే అండీ. చిట్టికి చిప్ ఫీడర్ కూడా కొన్నాం, మూత కదిలే చప్పుడికి భయపడి దగ్గరికే రావట్లేదు అది, బుజ్జిగాడేమో పక్కన కూర్చుని మూత ఎప్పుడు తెరుచుకుంటదా అని చూస్తున్నాడు.

రెండుపిల్లుల_తండ్రి:
ట్రైనింగ్ మోడ్ ఉంటది చూడండి, మొదట మూత పూర్తిగా తెరిచే ఉంచి చిట్టిని ఒక్కదాన్నే గదిలో పెట్టి కొన్నాళ్ళు తిననివ్వండి, తర్వాత కొంచెం కొంచెం కదిలేలా సెట్ చెయ్యండి. పెద్దాడు వెనక నుంచి తల దూర్చకుండా ఫీడర్‌ని గోడ మూలకి పెట్టండి, మూడో వైపు కూడా ఏదైనా అడ్డం పెట్టండి, ముందు ఒక్క పిల్లి పట్టేంతే ఖాళీ.